బైబిల్ నుంచి కోసిన 13వ శతాబ్దపు ఆకు: కొనాలా వద్దా?

ఒహాయో_వాసు
అమ్మ డిసెంబరులో నా దగ్గరికి వస్తోంది. పొద్దున్నే బైబిల్ చదవనిదే కాఫీ కూడా ముట్టదు. తనకి చీరో, ఫోనో కాకుండా ఇంకేదైనా ఇవ్వాలని వెతుకుతుంటే ఆన్‌లైన్ వేలంలో ఒక ఆకు కనిపించింది. లాటిన్ బైబిల్, పారిస్, సుమారు 1250, తోలు మీద చేతిరాత అని రాశారు. అరచేతి కన్నా కాస్త పెద్దది. రెండు నిలువు వరసల్లో భూతద్దం పెడితే గానీ చదవలేనంత సన్నటి రాత. పేజీ పైన ఎరుపు, నీలం అక్షరాలున్నాయి. అక్కడక్కడ ఒక నీలం పెద్దక్షరం, దాని నుంచి ఎర్రటి సన్నని తీగలు మార్జిన్ పొడవునా పాకుతున్నాయి. చాలా అందంగా ఉంది.

మూడు అనుమానాలు. బంగారం చుక్కైనా లేదు, అయినా ‘ఇల్యుమినేటెడ్’ అని రాసి ధర పెంచారు. అలా అనొచ్చా? రెండోది, వచనాల నంబర్లు ఎక్కడా లేవు. బైబిల్లో వచనాల నంబర్లు లేకపోవడం ఏంటి? దొంగ సరుకేమో అని టెన్షన్. మూడోది, అసలు ఇలాంటివి కొనొచ్చా?

కుంచె_గోపి
ఫొటో పెట్టండి. రెండు వైపులా.

పాతపుస్తకాలపురుగు
వాసు గారూ, వచనాల నంబర్లు ఉంటేనే మీరు భయపడాలి. అధ్యాయాల విభజన పారిస్‌లో 13వ శతాబ్దం మొదట్లో స్థిరపడింది. అక్కడ పాఠాలు చెప్పిన స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని చెబుతారు. ఇప్పుడు మనం వాడే వచనాల లెక్క కొత్త నిబంధనకి 1551లో వచ్చింది, రాబర్ట్ ఎస్తియెన్ ముద్రించిన ప్రతిలో. అంటే అమ్మగారి తెలుగు బైబిల్లో ‘5వ అధ్యాయం’ అన్నది ఈ ఆకు నాటి లెక్క. దాని పక్కనుండే వచనం అంకె ఈ ఆకు తర్వాత 300 ఏళ్లకి పుట్టింది.

బంగారం సంగతి. గట్టిగా మాట్లాడేవాళ్లు బంగారమో వెండో ఉంటేనే ‘ఇల్యుమినేటెడ్’ అంటారు. మీ ఆకు మీద ఉన్నది కలంతో చేసిన అలంకారం, అదొక వేరే పని, దానికి వేరే చేతులు. అమ్మేవాళ్లు అన్నిటికీ ఒకే మాట వాడేస్తారు. అలాగని ఇది తక్కువ రకం అనుకోవద్దు. ఆ ఎరుపు నీలాలు ముస్తాబు కోసం మాత్రమే వేసినవి కావు. పారిస్‌లో విద్యార్థులు, ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసే డొమినికన్, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు సంచిలో పెట్టుకుని తిరగడానికి మొత్తం బైబిల్‌ని ఒకే చిన్న పుస్తకంలో కుదించారు. అంత సన్నటి రాతలో కావలసిన చోటు దొరకాలంటే రంగే దారి. పెద్ద రంగు అక్షరం దగ్గర కొత్త అధ్యాయం, పక్కన రంగు అంకె, పేజీ నెత్తిన గ్రంథం పేరు. పేజీలు గబగబా తిప్పుతుంటే కన్ను అక్కడే ఆగుతుంది.

ఒహాయో_వాసు
ఫొటోలు పెట్టాను. పురుగు గారూ, పైన ఉన్నది గ్రంథం పేరైతే ఒకవైపు ‘కాస్’ అని మాత్రమే ఉంది, వెనక్కి తిప్పితే ‘లు’ అని ఉంది. అర్థం కాలేదు.

పాతపుస్తకాలపురుగు
‘లుకాస్’. లూకా సువార్త. పుస్తకం విప్పితే ఎడమ పేజీ మీద ‘లు’, కుడి పేజీ మీద ‘కాస్’ పడతాయి, రెండూ కలిసి ఒక పేరు. మీ ఆకు ముందువైపున్న ‘కాస్’కి జోడీ ‘లు’ అంతకుముందు ఆకు వెనక ఉంది. ఆ ఆకు ఎవరి దగ్గరుందో మరి. మీ మూడో ప్రశ్నకి నా జవాబు కూడా అదే, కొనొద్దు.

కీర్తన_నెల్లూరు
లూకాలో ఎన్నో అధ్యాయం వాసు అన్నా?

ఒహాయో_వాసు
రోమన్ అంకెలు చూస్తే ముందువైపు 13, వెనక 14, చివర్లో 15. ఆ 15 రెండో వరస కింది భాగంలో మొదలవుతుంది.

కీర్తన_నెల్లూరు
15 అంటే తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు! మా నాన్నగారు పాస్టరు, ఆయన ఎక్కువసార్లు ప్రసంగించింది ఈ అధ్యాయం మీదే. అమ్మకి ఇంతకంటే మంచి పేజీ దొరకదు, కొనేయండి.

కుంచె_గోపి
ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నాకు నిజమైనదే అనిపిస్తోంది. మార్జిన్ అంచున వరసగా సూది గుచ్చిన చిన్న రంధ్రాలున్నాయి, గీతలు సమంగా రావడానికి వాటిని గుర్తుగా పెట్టుకునేవాళ్లు. నీలం అక్షరం ఎడమవైపు మార్జిన్‌లో అతి చిన్న అక్షరం ఒకటి చూడండి. రాసేవాడు ఖాళీ వదిలి, ‘ఇక్కడ ఫలానా అక్షరం వెయ్యి’ అని అలంకారం చేసేవాడికి పెట్టిన గుర్తు అది. దొంగ ప్రతులు చాలావరకు అచ్చు వేసినవి కాబట్టి భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. ఇక్కడ తీగ మలుపుల్లో సిరా చిక్కబడటం, కలం ఎత్తిన చోట పలచబడటం స్పష్టంగా తెలుస్తోంది.

ఆ తీగలు వేసిన చెయ్యి మాత్రం అద్భుతం. నేను బొమ్మలు నేర్పిస్తాను. అంత చిన్న చోట వంకర లేకుండా అంత పొడవు గీత లాగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నల్లబల్ల
ఒక విషయం అడగనివ్వండి. ఈ ఆకు సాదాగా ఉంది, సరే. కానీ మధ్యయుగపు బైబిళ్లు అనగానే అందరూ చూపించేవి బంగారం, నీలమణి పొదిగినట్టుండే పేజీలే. పేదరికం వ్రతంగా పెట్టుకున్న సన్యాసులు, ఊళ్లో జనం ఆకలితో ఉంటే దూడల తోళ్ల మీద బంగారం పూసుకుంటూ కూర్చున్నారు. దాన్ని భక్తి అని ఎలా మెచ్చుకోవాలి?

పాతపుస్తకాలపురుగు
ఈ మాట మీకన్నా 1600 ఏళ్ల ముందు జెరోమ్ అన్నాడు. ఈ లాటిన్ బైబిల్ అనువాదానికి మూలపురుషుడు ఆయనే. తోలుకి ఊదా రంగు వేస్తున్నారు, అక్షరాల కోసం బంగారం కరిగిస్తున్నారు, పుస్తకాలకి రత్నాలు తొడుగుతున్నారు, క్రీస్తు మాత్రం గుమ్మం బయట బట్టలు లేకుండా చనిపోతున్నాడని ఒక ఉత్తరంలో రాశాడు.

12వ శతాబ్దంలో సిస్టెర్షియన్ సన్యాసులు ఇంకా ముందుకెళ్లి నియమమే పెట్టుకున్నారు. అక్షరాలు ఒకే రంగులో ఉండాలి, బొమ్మలు వేయకూడదు. అంతకు కొన్నేళ్ల ముందు, వాళ్ల మూల మఠం సీతోలోనే, స్టీఫెన్ హార్డింగ్ మఠాధిపతిగా ఉన్న రోజుల్లో తయారైన బైబిల్ బొమ్మలతో కళకళలాడుతుంది. అదిప్పుడు ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో ఉంది. 1111 నాటి ఇంకో పుస్తకంలోనైతే చెట్టు నరికే సన్యాసుల్నే పెద్దక్షరాలుగా గీశారు. ఆ నియమం వచ్చాక ఆ చేతులు ఆగిపోయాయి. నాకు అది నష్టంగానే కనిపిస్తుంది, కానీ వాళ్ల వాదనలో నిజాయితీ లేదని అనలేను.

డబ్లిన్_రాధ
నల్లబల్ల గారూ, అన్నిట్లోనూ బంగారం ఉంటుందనేది అపోహ. ఇక్కడ ట్రినిటీ కాలేజీలో ఉన్న బుక్ ఆఫ్ కెల్స్ అనే సువార్తల రాతప్రతిలో, సుమారు 800 నాటిది, బంగారు రేకే లేదు. పసుపు మెరుపంతా హరిదళం అనే ఖనిజం. చుట్టాలు ఎవరొచ్చినా తీసుకెళ్లి చూపిస్తుంటాను. అద్దాల పెట్టెలో తెరిచిన పేజీ ముందు నిలబడితే కళ్లు దగ్గరికి జరపాలనిపిస్తుంది. అంత చిన్నవి ఆ ముడులు.

మత్తయి సువార్తలో క్రీస్తు పుట్టుక మొదలయ్యే చోట పేజీ మొత్తం ఆయన పేరులోని మొదటి అక్షరాలే. వాటి కాళ్ల దగ్గర రెండు పిల్లులు, గుండ్రటి రొట్టెని కొరుకుతున్న ఎలుకలు, పక్కనే చేపని పట్టిన నీటికుక్క. దేవుడి పేరు పక్కన పిల్లీ ఎలుకా గీయడానికి ఆ సన్యాసి మనసెంత తేలిగ్గా ఉండి ఉండాలి!

నల్లబల్ల
రాధ గారూ, బంగారం లేకపోతే ఏం, 340 ఆకుల తోలు ఉంది కదా. సుమారు 185 దూడలని చదివాను. పైగా దాన్ని చదివేవారా అసలు?

డబ్లిన్_రాధ
అక్కడ మీరు సరిగ్గా పట్టుకున్నారు. కెల్స్ చదవడానికి చేసిన పుస్తకంలా ఉండదు. నాలుగు సువార్తల్లో ఒకే సంఘటన ఎక్కడెక్కడ ఉందో చూపే పట్టికలు మొదట్లో స్తంభాలు, తోరణాలతో గీశారు. కానీ ఆ పట్టిక పనిచేయాలంటే మార్జిన్లలో విభాగాల అంకెలుండాలి, అవి వేయనేలేదు. రాతలో తప్పులున్నా దిద్దలేదు. 1007లో దొంగలు ఎత్తుకెళ్లినప్పుడు కూడా గ్రంథాలయంలోంచి కాదు, పూజాసామగ్రి ఉంచే గదిలోంచి తీసుకెళ్లారు. రెండు నెలల ఇరవై రాత్రుల తర్వాత మట్టిపెళ్ల కింద దొరికింది, పైతొడుగుకున్న బంగారం ఒలిచేసి ఉంది. అది బలిపీఠం మీద పెట్టి జనానికి చూపించిన పుస్తకం. చదువురాని మనిషికి కూడా ఇది దేవుడి మాట అని కంటితో తెలియాలి. దానికి మెరుపు అవసరం లేదంటారా?

నల్లబల్ల
ఆ మాట ఆలోచించాల్సిందే. దూడల సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

రసాయనం_మాస్టారు
దూడల గురించి ఒక ముక్క. పారిస్ చిన్న బైబిళ్ల తోలు ఉల్లిపొర కన్నా పలచగా ఉంటుంది. పుట్టని దూడల చర్మంతో చేశారని చాలాకాలం నమ్మారు. 2015లో వచ్చిన పరిశోధన దాన్ని కొట్టేసింది. మామూలు రబ్బరుతో పేజీని నెమ్మదిగా రుద్ది, రాలిన పొడిలో అంటుకున్న ప్రొటీన్లని పరీక్షించారు. దూడ, మేక, గొర్రె మూడూ వాడారు. పలచదనం అంతా పనివాడి చేతిలోనే ఉంది. సున్నపు నీళ్లలో నానబెట్టడం, చట్రానికి బిగించడం, నెలవంక ఆకారం కత్తితో గీకడం. గీకుతూ ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య.

నీలం గురించి కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లోని లిండిస్ఫార్న్ సువార్తలు అనే రాతప్రతిలో నీలం ఆఫ్ఘనిస్తాన్ లాజవర్దం అనే నీలి రాయిది అని అనుకునేవారు. ఆ రాయి బదక్షాన్ గనుల నుంచి వచ్చేది. 2004లో ప్రచురించిన పరీక్షల్లో అది కాదని, నీలిమందు జాతి మొక్క రంగు అని తేలింది. పరీక్ష చేసింది రామన్ పద్ధతిలో. మన విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ 1928లో కనిపెట్టిన సూత్రం, పేజీ నుంచి ఇసుమంత రంగు కూడా గీకకుండా అది ఏ పదార్థమో చెప్పేస్తోంది. క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకి ఈ పుస్తకం బొమ్మ చూపించేవాణ్ణి.

పెడన_అద్దకం
మాస్టారూ, వాసు గారి ఆకు మీద ఆ నల్ల సిరా దేనితో చేస్తారు? ఏడొందల ఏళ్లకి పైగా నిలిచిందంటే మామూలు మసి కాదు కదా.

రసాయనం_మాస్టారు
మాచికాయ, అన్నభేది, తుమ్మ జిగురు. ఓక్ చెట్టుకి పురుగు కుట్టినచోట వచ్చే కాయ మన పచారీ కొట్లో దొరికే మాచికాయ లాంటిదే. దాంట్లోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. తోలులోకి దిగిపోతుంది కాబట్టి తుడిచినా పోదు.

పెడన_అద్దకం
మా అద్దకం నలుపూ అదేనండీ! గుడ్డకి కరక్కాయ పట్టించి, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టిన కసీం అద్దుతాం. తాకగానే నల్లబడుతుంది. మోతాదు మించితే కొన్నేళ్లకి ఆ నలుపు ఉన్నచోటే గుడ్డ చిరుగుతుంది. మీ పుస్తకాల్లోనూ అలా అవుతుందా?

రసాయనం_మాస్టారు
అవుతుంది. సిరా కాగితాన్ని తినేసిన పుస్తకాలు బోలెడు. తోలు కొంత తట్టుకుంటుంది. దాని పాలిట అసలు శత్రువు చిలుము పచ్చ. రాగి రేకుని పులిసిన ద్రాక్షరసం ఆవిరికి పెట్టి తీసేవారు. కొన్ని రాతప్రతుల్లో పచ్చ రంగు వేసిన చోట తోలు గోధుమరంగుకి తిరిగి, చివరికి కిటికీలా ఊడిపోయింది. సఫేదా, అంటే సీసంతో చేసిన తెల్ల రంగు, కూడా కొన్నిచోట్ల నల్లబడింది. ఇవాళ మనకి కనిపించే రంగు, ఆ రోజు వాళ్లు వేసిన రంగు ఒకటే అనుకోకూడదు.

కుంచె_గోపి
బంగారం ఎలా అంటిస్తారో చూడాలంటే వించెస్టర్ బైబిల్ చూడండి. 12వ శతాబ్దం, 468 పెద్ద ఆకులు, రాత దాదాపు అంతా ఒక్కడిదే. బొమ్మల పని మధ్యలో ఆగిపోయింది. అందుకే నాకు దానంటే అంత ఇష్టం. ఒక అక్షరం గీతల దగ్గరే ఆగింది. ఇంకోదానికి బంగారం వేశారు కానీ రంగు లేదు. బంగారమే ముందు ఎందుకంటే, రేకు అంటించాక రాయితోనో కుక్కపన్నుతోనో రుద్ది మెరుపు తేవాలి. రంగు ముందుంటే ఆ రుద్దుడికి పాడవుతుంది, రేకు ముక్కలు రంగుకీ అంటుకుంటాయి. కింద సున్నం లాంటి పూతని కాస్త ఉబ్బెత్తుగా వేసి, దానికి నోటి ఆవిరి తగిలించి రేకు పెడతారు. అందుకే పేజీ తిప్పినప్పుడు ఆ ఉబ్బు మీద వెలుగు కదులుతుంది. ఫొటోలో అది రాదు.

కీర్తన_నెల్లూరు
ఈ పనంతా మగవాళ్లే చేశారా?

పాతపుస్తకాలపురుగు
కాదమ్మా. 2019లో జర్మనీలోని డాల్‌హైమ్ అనే చోట, మధ్యయుగపు కన్యాస్త్రీల మఠం శ్మశానంలో దొరికిన ఒక స్త్రీ పళ్ల గారలో లాజవర్దం నలుసులు ఉన్నాయని పరిశోధన వచ్చింది. వెయ్యి నుంచి 1200 మధ్య చనిపోయింది. కుంచె మొనని పెదవులతో కూడదీసుకునే అలవాటు వల్ల చేరి ఉండొచ్చని పరిశోధకుల అభిప్రాయం. ఆ ఖరీదైన రంగు ఆమె చేతికిచ్చారంటే చెయ్యి తిరిగిన మనిషే. 12వ శతాబ్దంలోనే ‘గూడా’ అనే పేరున్న సన్యాసిని ఒక పెద్దక్షరంలో తన బొమ్మ తనే వేసుకుని, పక్కన పేరు కూడా రాసుకుంది.

మినియాపొలిస్_సుధ
ఇప్పటికీ చేస్తున్నారు. మా రాష్ట్రంలో కాలేజ్‌విల్‌లోని సెయింట్ జాన్స్ మఠం 1998లో చేతిరాత బైబిల్ చేయించడం మొదలుపెట్టింది. డొనాల్డ్ జాక్సన్ బృందం దూడతోలు మీద, పక్షి ఈకల కలాలతో, బంగారు రేకుతో రాసి 2011లో పూర్తిచేసింది. ఒక పెద్ద పేజీ ముందు మా పాప ప్రతి అంచూ వేలితో చూపిస్తూ పురుగులు వెతికింది. సీతాకోకచిలుకలు నిజంగానే ఉన్నాయి.

ఒహాయో_వాసు
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. కానీ కొనాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. కీర్తన కొనమంది, పురుగు గారు వద్దన్నారు.

పాతపుస్తకాలపురుగు
వివరంగా చెబుతాను. మీ ఒహాయోలోనే క్లీవ్‌లాండ్‌లో ఒట్టో ఎగే అనే అధ్యాపకుడు ఉండేవాడు, 1951లో చనిపోయాడు. రాతప్రతులు కొని, ఆకులు విడదీసి, 50 ఆకుల పెట్టెలుగా సర్ది అమ్మాడు. పుస్తకం కొనలేనివాడి చేతికి కూడా ఒక పేజీ అందాలన్నది ఆయన వాదన. ఇంటి ఆల్బమ్ చింపి ఒక్కొక్క ఫొటో ఒక్కొక్క చుట్టానికి పంచినట్టయింది. 1942లో విడగొట్టిన, ఫ్రాన్స్‌లోని బోవే ఊరి పూజాగ్రంథం ఆకుల కోసం పండితులు ఇప్పటికీ ఊరూరా వెతికి, ఫొటోలు కంప్యూటర్‌లో పక్కపక్కన పేరుస్తున్నారు.

విడిపోయిన ఆకుకి ఏం పోతుందో మీ ఆకే చెబుతోంది. పేరు సగమైంది. ఎర్ర తీగల్ని వేసిన చెయ్యి పుస్తకమంతా ఒకటేనా, ఆదికాండం మొదట్లో సృష్టి ఏడు రోజుల బొమ్మలున్నాయా, కీర్తనల మొదట్లో దావీదు వీణ వాయిస్తున్నాడా, ఎవరి కోసం చేశారు, ఎవరి సంతకముంది, ఇవేవీ ఇక తెలియవు. బొమ్మలున్న ఆకులకి ధరెక్కువ కాబట్టి అవి ముందే ఎగిరిపోతాయి.

పెడన_అద్దకం
నేను ఒప్పుకోను సార్. వందేళ్ల క్రితం కోసేసిన ఆకుని వాసు గారు కొనకపోతే అతుక్కుంటుందా? ఆ తల్లి చేతిలో ఉంటే గౌరవంగా ఉంటుంది. లేకపోతే ఎవరో ఫ్రేమ్ కట్టించి, ఎండ పడే గోడకి వేలాడదీస్తారు.

పాతపుస్తకాలపురుగు
పాతగా కోసినదని కాగితాలుంటే మీ వాదనకి నేను సగం దిగివస్తాను. వాసు గారూ, ఎప్పుడు విడగొట్టారో, అంతకుముందు ఎవరి దగ్గరుందో అమ్మేవాణ్ణి అడగండి.

కుంచె_గోపి
అడగక్కర్లేదేమో. ఆ అమ్మేవాడి మిగతా సరుకు చూశాను. అదే కొలత, అదే ఎర్ర తీగ, అదే చెయ్యి. మార్కు, యోహాను, అపొస్తలుల కార్యములు ఆకులు విడివిడిగా వేలంలో ఉన్నాయి. లూకాలో తర్వాతి ఆకు కూడా ఉంది. కుట్టు అంచు తెల్లగా, కొత్తగా ఉంది. ఈమధ్యే కోశారు.

నల్లబల్ల
అయితే రెండు ఆకులూ కలిపి కొనండి. కనీసం తప్పిపోయిన కొడుకు ఇంటికి చేరతాడు. ఇప్పుడున్న ఆకులో కథ మొదలయ్యేలోపే పేజీ అయిపోయింది.

కీర్తన_నెల్లూరు
నల్లబల్ల గారి మాట బాగుంది కానీ, ఇప్పుడే కోస్తున్నవాడికి రెండు ఆకుల డబ్బిస్తే రేపు ఇంకో పుస్తకానికి కత్తి పెడతాడు. వాసు అన్నా, నేను ముందు చెప్పింది వెనక్కి తీసుకోను, ఆ అధ్యాయం అమ్మకి నిజంగా నచ్చుతుంది. ఈ మనిషి దగ్గర మాత్రం వద్దు.

పెడన_అద్దకం
ఈ సంగతి తెలిశాక నాదీ అదే మాట.

ఒహాయో_వాసు
అమ్మేవాడికి మెసేజ్ పెట్టాను. ‘పాత సేకరణ నుంచి’ అని మాత్రమే జవాబిచ్చాడు. ఎప్పటిదని మళ్లీ అడిగితే పలకలేదు. వదిలేశాను.

దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రరీకి రాశాను. వాళ్ల దగ్గర 13వ శతాబ్దపు పారిస్ బైబిల్ పూర్తిగా, విడగొట్టకుండా ఉందట. ముందుగా చెబితే అమ్మని తీసుకురావచ్చన్నారు. వెళ్లేముందు ఏమైనా తెలుసుకోవాలా? చేతి తొడుగులు కొనాలా?

పాతపుస్తకాలపురుగు
తొడుగులు వద్దు. తోలు పేజీలకి కడిగి ఆరబెట్టుకున్న ఉత్త చేతులే మంచివని బ్రిటిష్ లైబ్రరీ కూడా చెబుతుంది. తొడుగుంటే వేలికి స్పర్శ తెలియక పేజీ చిరుగుతుంది. పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు, పెన్సిల్ పెట్టుకోండి. పుస్తకాన్ని మెత్తటి దిమ్మల మీద సగమే తెరుస్తారు, బల్లపరుపుగా నొక్కొద్దు. భూతద్దం వాళ్లే ఇస్తారు, అడగండి.

ముందు ఆదికాండం మొదటి పేజీ అడగండి. మొదటి అక్షరం పేజీ పొడవునా దిగుతుంది. తర్వాత కీర్తనలు. లూకా చివరికి పెట్టుకోండి. అమ్మగారు తన తెలుగు బైబిల్ తెచ్చుకుంటే అధ్యాయాల అంకెలు పట్టుకుని పక్కపక్కనే చూసుకోవచ్చు. లాటిన్ రాకపోయినా దారి తప్పరు.

కుంచె_గోపి
పేజీ తిప్పేటప్పుడు కాస్త పక్కకి వంగి చూడమనండి, బంగారం ఉంటే అప్పుడే తెలుస్తుంది. వాళ్లు ఒప్పుకుంటే ఆ ఎర్ర తీగలు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.